గడ్డి పీకితే నల్ల ఈగ పోదు

వేసవి రాగానే స్పెయిన్‌లోని సరగోసా నగరంలో ఉండే మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి హైదరాబాద్ నుంచి మా పిన్ని కూడా అదే పంపించి, "పిల్లల్ని ఆ నది వైపు తీసుకెళ్ళకే అమ్మాయ్" అంది. మెసేజ్ సారాంశం ఇదీ: "ఎబ్రో నది మురికి పట్టి గడ్డితో నిండిపోయింది. నిలవ నీటిలో దోమల్లాగే అక్కడ నల్ల ఈగలు పుడుతున్నాయి. అవి కుడితే కళ్ళు పోతాయి. గడ్డంతా పీకేసి, మిగిలినదానికి గడ్డిమందు కొడితే వారంలో పీడ విరగడవుతుంది." దాని కింద ఊదారంగు పువ్వులతో నీటిని పూర్తిగా కప్పేసిన ఆకుల ఫొటో ఒకటి.

నేను ఈ నది పక్కన ఏడేళ్ళుగా ఉంటున్నాను. ఈగ కుట్టి మోచెయ్యి బన్నులా ఉబ్బి, రాత్రంతా గోక్కుంటూ కూర్చున్న రోజులు నాకూ ఉన్నాయి. ఈగను వెనకేసుకు రావాలని రాయడం లేదు. మెసేజ్ చెప్పినట్టు చేస్తే నది పాడవుతుంది, ఈగ మాత్రం ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

"నిలవ నీటిలో దోమల్లాగే పుడతాయి."

ముందు ఆ ఫొటో సంగతి. అందులో ఉన్నది మనందరికీ తెలిసిన గుర్రపుడెక్క. మాన్సోనియా రకం దోమల లార్వాలు గుర్రపుడెక్క వేళ్ళకు గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటాయన్నది నిజమే. కానీ అది కదలని నీటి సంగతి. స్పెయిన్‌లో గుర్రపుడెక్క బెడద 2004 నుంచి గ్వాదియానా నదిలో ఉంది. ఎబ్రోలో పెరిగేది వేరే మొక్క. నీటిలో మునిగి, పారే వైపుకు విరబోసిన జుట్టులా వాలి ఉండే సన్నాకు గడ్డి. పోటమోజెటాన్ అంటారు.

నల్ల ఈగకు పారే నీరే కావాలి. కిందటి జూన్‌లో ఒడ్డున మోకాల్లోతు నీటిలో దిగి ఒక పోచ తెంపి, తెల్ల పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి అందులో పెట్టాను. పోచ పొడుగునా బియ్యపు గింజలో సగం కూడా లేని బూడిదరంగు పురుగులు. ఒక్కొక్కటీ తాను ఉమిసిన పట్టు మీద తోకను కొక్కేల్లాంటి వాటితో బిగించుకుని ఉంది. తల మీద రెండు బుల్లి విసనకర్రలు. నదిలో ఉన్నప్పుడు వాటిని విప్పి, కొట్టుకొచ్చే నలుసుల్ని వడగట్టుకుని తింటాయి. పళ్ళెంలో నీరు ఆగిపోయేసరికి ఆ విసనకర్రలు ముడుచుకున్నాయి. కాసేపటికి పురుగులు పట్టు వదిలి కొలత పురుగుల్లా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాయి. నీరు కదలకపోతే వాటికి తిండీ రాదు, ఆక్సిజనూ అందదు. పెరట్లో తొట్టెలు బోర్లిస్తే దోమలు తగ్గుతాయి గానీ నల్ల ఈగకు ఆ పనితో సంబంధమే లేదు.

"నది మురికి పట్టి గడ్డి పెరిగింది."

జరిగింది దాదాపు తలకిందులు. ఒకప్పుడు ఎబ్రో దిగువ భాగంలో నీళ్ళు పచ్చగా, మసగ్గా ఉండేవి. మురుగునీటి శుద్ధి కేంద్రాలు వచ్చి, సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్లు తగ్గాక నీటిలో తేలే నాచు పడిపోయింది. దాంతో వెలుతురు అడుగు దాకా దిగింది. వెలుతురు అందాక అడుగున వేళ్ళూనే గడ్డి ఊరుకుంటుందా? ఇంకో కారణం ఆనకట్టలు. 1960ల్లో కట్టిన మెకినెన్సా, రిబా-రోజా జలాశయాలు ఒండ్రునంతా దాదాపుగా పట్టేసుకుంటున్నాయి. వరద పోటునూ అణిచేస్తున్నాయి. అడుగును ఊడ్చుకుపోయే వరద రాకపోతే ఏటికేడు గడ్డి వేళ్ళు బలపడతాయి. నీళ్ళు తేటపడడం మంచి వార్తే. వరద పోవడం మాత్రం మనం చేసుకున్నదే, సరిదిద్దవలసినదీ అదే.

"గడ్డంతా పీకేస్తే పోతాయి."

ఇందులో కొంత నిజముంది, అది ఒప్పుకోవాలి. గడ్డి ఆ పురుగులకు ఇల్లు. ఎంత గడ్డి ఉంటే అన్ని పోచలు, అన్ని పోచలకు అన్ని పురుగులు. సరగోసా 2011 వేసవిలో ఈగ బాధ చూసిందంటే అందులో గడ్డి వాటా ఉంది. ఉత్తర ఉగాండాలో ఊళ్ళవాళ్ళే కత్తులు పట్టుకుని ఏటి వడిలో వేలాడే తీగలూ కొమ్మలూ నరికితే ఈగ కాట్లు 90 శాతం చుట్టుపక్కల తగ్గాయి కూడా. కానీ అక్కడి ఏళ్ళు చిన్నవి. ఈగలు పెరిగే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఒకసారి నరికి ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ నరకాలి.

ఎబ్రో 930 కిలోమీటర్ల నది. ఈ గడ్డి పీకడం పొలంలో తుంగ పీకడం లాంటిదే. పోచ చేతికొస్తుంది, దుంప మట్టిలోనే ఉండిపోతుంది. పైగా తెగిన ముక్క కొట్టుకుపోయి దిగువన ఎక్కడో వేరు పెడుతుంది. గడ్డి లేనిచోట పురుగులు రాయికీ కర్రకీ ప్లాస్టిక్ సంచికీ అతుక్కుంటాయి. దక్షిణాఫ్రికాలో ఆరెంజ్ నది మీద పశువుల్ని పీక్కుతినే నల్ల ఈగ పెరిగేది ప్రధానంగా వడి నీటిలోని రాళ్ళ మీదే. అక్కడా ఆనకట్టలు చలికాలంలో కూడా నీటిని ఒకే తీరున వదలడం దానికి కలిసొచ్చింది. ఇక రెక్కలొచ్చిన ఈగ కిలోమీటర్ల దూరం ఎగరగలదు. మన వీధి చివర వంద మీటర్లు శుభ్రం చేసుకుంటే ఎగువ నుంచి వచ్చేవాటిని ఎవరు ఆపుతారు?

"గడ్డిమందు కొట్టండి."

ఈ మాట చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. తరాగోనా వైపు ఊళ్ళు తాగేది ఈ నీళ్ళే. చచ్చిన గడ్డి కుళ్ళి నీటిలోని ఆక్సిజన్‌ని పీల్చేస్తే ముందు పోయేవి చేపలు, తూనీగ పిల్లలు. నల్ల ఈగ లార్వాల్ని తినేవి అవే.

కొట్టవలసిన మందు వేరే ఉంది, కొడుతున్నారు కూడా. మన పత్తి రైతులకు బీటీ అనే పేరు తెలుసు. అది పురుగుల్ని చంపే ఒక బాక్టీరియా పేరు. అందులోనే ఇజ్రాయెలెన్సిస్ అనే ఇంకో రకం 1976లో నెగెవ్ ఎడారిలో దొరికింది. దిగువ ఎబ్రోలో హెలికాప్టర్‌తో చల్లేది అదే. విసనకర్రతో వడగట్టుకుని తినే పురుగు దాన్నీ మింగుతుంది, కడుపు చిల్లుపడి చస్తుంది. చేపలకూ మనుషులకూ ఏమీ కాదు. గడ్డి మరీ దట్టంగా ఉన్నచోట మందు దూరం పారదు కాబట్టి అక్కడ పలచన చేయడం అవసరమే. దాంతోపాటు 2002 నుంచి రిబా-రోజా, ఫ్లిక్స్ జలాశయాల నుంచి అప్పుడప్పుడు కావాలని పెద్ద ఎత్తున నీరు వదిలి గడ్డిని ఊడ్చే ప్రయత్నమూ జరుగుతోంది. మనం ఏదైనా అడగాలంటే ఆ వరదలు ఇంకా పెంచమని అడుగుదాం.

"కుడితే కళ్ళు పోతాయి."

పోవు. కళ్ళు పోగొట్టేది ఆంకోసెర్కా అనే సన్నటి పురుగు. ఆఫ్రికాలో కొన్ని జాతుల నల్ల ఈగలు దాన్ని ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మోస్తాయి. యూరప్‌లో ఆ జబ్బు లేదు. ఎబ్రో ఈగ చర్మాన్ని కోసి ఊరిన రక్తం నాకుతుంది. ఆ క్షణంలో నొప్పి తెలియదు, తర్వాత వాస్తుంది, దురద పెడుతుంది. వాపు పాకినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

పిన్నీ, పిల్లలు నది దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. ఈ ఈగలు పగటిపూట, ఆరుబయటే కుడతాయి, ఉదయం, సాయంత్రం మరీ ఎక్కువ. అందుకని ఆ వేళల్లో లేతరంగు నిండు చేతుల చొక్కాలు, పొడుగు ప్యాంట్లు వేసి పంపుతున్నాను. నువ్వు కొని పంపిన దోమతెర మాత్రం రాత్రి దోమలకే కడుతున్నాను.