ఐ-పిల్‌కి డాక్టర్ చీటీ కావాలట! ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో మాటా తీసి చూద్దాం

మా బంధువుల గ్రూపులో బాబాయి ఒక ఫార్వర్డ్ పెట్టాడు. అది రెండు వారాల్లో నాకు తెలిసిన ప్రతి గ్రూపులోకీ వచ్చింది. సారాంశం ఇది: కేంద్రం కొత్త చట్టం తెచ్చిందట. ఇకనుంచి ఐ-పిల్ లాంటి అత్యవసర గర్భనిరోధక మాత్రలు (కలిశాక గర్భం రాకుండా వేసుకునేవి) డాక్టర్ చీటీ లేకుండా అమ్మితే షాపు లైసెన్సు పోతుందట. కొనేవాళ్లు ఆధార్, పెళ్లయినట్టు రుజువు చూపించాలట. అవి అసలు అబార్షన్ మాత్రలేనట, రెండుసార్లు వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరట. అమెరికాలోనే చీటీ లేనిదే ఇవ్వరట. చివర్లో దండాలు పెట్టే చేతులు మూడు, 'పదిమందికీ పంపండి' అన్న మాట.

నేను ఫార్మసిస్టుని. గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. నిమ్మకాయతో షుగర్ తగ్గుతుందన్న ఫార్వర్డుల దగ్గర్నుంచి అన్నీ చూశాను. మామూలుగా పట్టించుకోను. పోయిన మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, షాపులో ఎవరూ లేని వేళ చూసి ఒక అమ్మాయి వచ్చింది. భర్త బండి దిగలేదు, హెల్మెట్ కూడా తీయలేదు. ఆమె పర్సులోంచి రెండు ఆధార్ కార్డులు తీసి కౌంటర్ మీద పెట్టింది. పక్కనే ఫోన్లో పెళ్లి ఫొటో. "చీటీ దొరకలేదన్నా, వీటితో ఇస్తారా?" అంది. వాళ్లు కలిసింది ఆదివారం రాత్రి పదింటికి. సోమవారమంతా చీటీ రాసిచ్చే డాక్టరమ్మ కోసం తిరిగారు, ఆవిడ ఊళ్లో లేరు. అంటే నలభై గంటలు పోయాయి.

ఈ మాత్ర కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి. 71వ గంటలో వేసుకున్నా ఒకటే అని కాదు, ఎంత ముందు పడితే అంత మేలు. ఆ నలభై గంటలు చూశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

మొదటిది, కొత్త చట్టం సంగతి. మందుల అమ్మకాన్ని నడిపించేది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945లో వచ్చిన నిబంధనలు. ఆ నిబంధనల వెనక షెడ్యూళ్లు, అంటే మందుల జాబితాలు ఉంటాయి. షెడ్యూల్ హెచ్‌లో పేరుంటే చీటీ కావాలి. షెడ్యూల్ కె అంటే మినహాయింపుల జాబితా. లీవోనార్జెస్ట్రెల్ అనే మందుతో చేసే అత్యవసర మాత్రని 2005లోనే చీటీ అక్కర్లేని మందుగా చేశారు. ఇరవై ఏళ్ల కిందటి మాట.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? పూర్తిగా గాల్లోంచి రాలేదు. 2024 సెప్టెంబరులో, గర్భనిరోధక మాత్రలకి చీటీ తప్పనిసరి చేసే ఆలోచన ఉందని కొన్ని వార్తలు వచ్చాయి. తర్వాత ఆరోగ్య శాఖ వైపు నుంచి వివరణ వచ్చింది: మార్పేమీ లేదు, ఇప్పుడున్న పద్ధతే ఉంటుంది అని. మొదటి వార్త ఫార్వర్డ్ అయింది, వివరణ కాలేదు. ఎప్పుడూ జరిగేదే.

ఇందులో ఒక చిక్కు ఉన్న మాట కూడా ఒప్పుకోవాలి. గర్భనిరోధక మాత్రల్లో వాడే సెంట్‌క్రోమన్, ఇథినైల్ ఈస్ట్రడయాల్ లాంటి మందుల పేర్లు షెడ్యూల్ హెచ్‌లో కనిపిస్తాయి. అవే పేర్లు ఫలానా మోతాదుల్లో, గర్భనిరోధక మాత్రగా ఉన్నప్పుడు షెడ్యూల్ కె మినహాయింపులోనూ కనిపిస్తాయి. ఒక జాబితా చదివి రెండోది చదవనివాడు హడలిపోవడం సహజం. నాకు తెలిసిన షాపుల వాళ్లే కొందరు ఇప్పటికీ మొదటి జాబితా దగ్గరే ఆగిపోయారు.

ఇంత షెడ్యూళ్ల గొడవ ఎందుకనుకుంటే ఇంకో తేలిక దారి ఉంది. మీ వీధి ఆశా వర్కర్‌ని అడగండి. 2011లో కేంద్రం ఇంటింటికీ గర్భనిరోధక సాధనాలు అందించే పథకం పెట్టింది. ఆ పథకంలో ఆశా తీసుకోవాల్సిన రేట్లు రాసి పెట్టారు: మూడు నిరోధ్‌ల ప్యాకెట్టు రూపాయి, నెలకు సరిపడే మాత్రల షీటు రూపాయి, అత్యవసర మాత్ర రెండు రూపాయలు. ఆశా వర్కర్ డాక్టరు కాదు, ఫార్మసిస్టూ కాదు. ఆమె చేతి సంచీలోంచి సర్కారే రెండు రూపాయలకి ఇప్పించిన మాత్రని నేను చీటీ లేకుండా అమ్మితే లైసెన్సు పోతుందా?

ఇక 'అవి అబార్షన్ మాత్రలే' అన్న మాట. ఫార్వర్డ్ మొత్తంలో ప్రమాదకరమైన అబద్ధం ఇదే. దీనివల్ల రెండు వైపులా నష్టం. మాత్ర అవసరమైనవాళ్లు పాపమేమోనని మానేస్తారు. ఇంకొందరు నెల తప్పాక వచ్చి "ఐ-పిల్ ఇవ్వండి, పోతుందిగా" అంటారు. ఈ రెండో రకం వాళ్లు నాకు నెలకి ఒక్కరైనా తగులుతారు.

షాపులో నేను రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఒక దాంట్లో ఒకటే మాత్ర, లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. ఇది చేసేదల్లా అండం విడుదలని వెనక్కి నెట్టడం. అండం బయటికి రాకపోతే గర్భం లేదు. అప్పటికే అండం విడుదలై, గర్భం నిలిచి ఉంటే ఈ మాత్ర దాన్ని ఏమీ చేయలేదు. తీయలేదు, చెడగొట్టలేదు.

రెండో డబ్బా కిట్. అందులో మిఫెప్రిస్టోన్ ఒకటి, మిసోప్రోస్టాల్ నాలుగు. మొదటిది గర్భాన్ని నిలబెట్టే హార్మోన్‌ని అడ్డుకుంటుంది, రెండోది గర్భసంచిని కుదించి బయటికి పంపిస్తుంది. ఇది అబార్షన్ మందు. దీనికి అబార్షన్‌ల గురించిన 1971 నాటి ఎంటీపీ చట్టం వర్తిస్తుంది, అర్హత ఉన్న డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. అందులో అన్యాయం ఏమీ లేదు. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఈ కిట్ పనిచేయదు, ఆ సంగతి తెలియక ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. సగం పోయి సగం మిగిలితే రక్తస్రావం ఆగదు. అందుకే ఆ డబ్బా మీద చీటీ గుర్తూ హెచ్చరికా ఉంటాయి.

గందరగోళానికి పేర్లూ తోడయ్యాయి. అన్‌వాంటెడ్-72 అనేది మొదటి రకం. అన్‌వాంటెడ్ కిట్ అనేది రెండో రకం. "అన్‌వాంటెడ్ ఇవ్వండి" అని అడిగితే ఏది ఇవ్వాలి? అందుకే నేను "ఎన్ని రోజులైంది?" అని అడుగుతాను. ఆరా తీయడానికి కాదమ్మా, డబ్బా మారిపోకుండా ఉండటానికి.

రెండుసార్లు వేసుకుంటే పిల్లలు పుట్టరన్నది ఉత్త మాట. మాత్ర ప్రభావం కొద్దిరోజులే, ఆ తర్వాత అండం మామూలుగానే విడుదలవుతుంది. నిజం చెప్పాలంటే, మాత్ర వేసుకున్నాక అదే నెలలో మళ్లీ కలిస్తే గర్భం రావచ్చు కూడా, వేసుకున్నాక జరిగేదానికి దాని రక్షణ ఉండదు. వాంతి వచ్చినట్టుండటం, నెలసరి ముందుకో వెనక్కో జరగడం మామూలే. రెండు గంటల్లోపు వాంతైతే మళ్లీ వేసుకోవాలి. నెలసరి వారం దాటి ఆలస్యమైతే టెస్ట్ కిట్‌తో చూసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకీ, ఫిట్స్‌కి కొన్ని మందులు వాడేవాళ్లకీ ఇది సరిగా పనిచేయకపోవచ్చు, వాళ్లు అడిగి తీసుకోవాలి. ప్రతి వారం ఇదే వాడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: పిల్లలు పుట్టరని కాదు, గర్భం ఆపడానికి రోజూ వేసుకునే మాలా లాంటి మాత్రలో, కండోమో దీనికంటే బాగా పనిచేస్తాయి. ఖర్చూ తక్కువే.

ఆధార్, పెళ్లి రుజువు... ఇలాంటి నిబంధన ఏ చట్టంలోనూ లేదు. కండోమ్ కొనడానికి గానీ, ఈ మాత్ర కొనడానికి గానీ వయసు ఇంత ఉండాలని ఎక్కడా రాసి లేదు. దీనికీ ఒక మూలం ఉంది. 2022 నవంబరులో బెంగళూరులో స్కూలు పిల్లల బ్యాగుల్లో కండోమ్‌లు, మాత్రలు దొరికాయని పెద్ద గోల అయింది. 2023 జనవరికల్లా కర్ణాటకలో మైనర్లకి ఇవి అమ్మడం నిషేధించారని వార్తలు వచ్చాయి. నిషేధం కాదు, కౌన్సెలింగ్ చేయమన్నామని అక్కడి అధికారులే వివరణ ఇచ్చారు. మన గ్రూపుల్లోకి వచ్చేసరికి అది 'దేశమంతా ఆధార్' అయిపోయింది.

పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లతో లైంగిక సంబంధం నేరం, నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఫిర్యాదు చేయాలి. అది నిజం. ఎవరైనా పిల్ల భయపడుతూ వచ్చి, వెనక ఇంకెవరో నిలబడి ఉంటే నేనూ కళ్లు మూసుకోను. దానికీ, పాతికేళ్ల ఆమెని పెళ్లి ఫొటో అడగడానికీ ఏమిటి సంబంధం? పెళ్లి సంగతికొస్తే, 2021లో ఎంటీపీ చట్టాన్ని సవరించినప్పుడు గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో 'వివాహిత లేదా ఆమె భర్త' అన్న మాట తీసేసి 'ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి' అని రాశారు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా అబార్షన్ విషయంలో పెళ్లికాని ఆడవాళ్లని వేరుగా చూడకూడదని తీర్పిచ్చింది. అబార్షన్‌కే అడగని పెళ్లి రుజువు మాత్రకి ఎందుకు అడుగుతారు?

ఇలాంటి ఫార్వర్డులు మన దగ్గర ఇంత తేలిగ్గా నమ్మడానికి ఒక కారణం నాకు తోస్తుంది. మనకి కుటుంబ నియంత్రణ అంటే కు.ని. ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఇద్దరు పుట్టాక ఆపరేషన్, మధ్యలో దేవుడి దయ. మాత్ర సంగతి అమ్మకీ తెలియదు, అత్తకీ తెలియదు, ఇక బాబాయి ఫార్వర్డ్‌ని కాదనేదెవరు?

అమెరికా సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అక్కడ ఈ మాత్రని పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి చీటీ లేకుండా ఇచ్చింది 2006లో, అంటే మన తర్వాత. 2013లో వయసు షరతు కూడా తీసేశారు. 2023లో రోజూ వేసుకునే ఒక మాత్రకి కూడా చీటీ అక్కర్లేదన్నారు. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతుర్ని అడిగితే, టూత్‌పేస్టులు ఉండే షాపులోనే అరలో ఉంటుందని చెప్పింది.

మిగిలింది షాపు వాళ్ల సంగతి, అంటే నా సంగతే. పక్కనున్న తమిళనాడులో చట్టప్రకారం నిషేధం లేకుండానే ఏళ్ల తరబడి చాలా షాపుల్లో ఈ మాత్ర దొరకదు. అధికారులకి ఇష్టం ఉండదన్న భయంతోనో, మనకెందుకొచ్చిన గొడవ అనో ఎవరూ తెప్పించరు. మన వైపు అంత లేదు గానీ, "స్టాక్ లేదు" అనేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నేనూ మొదటి నాలుగైదేళ్లు దీన్ని కింది డ్రాయర్లో పెట్టేవాణ్ని. అడిగితే అటూ ఇటూ చూసి, న్యూస్‌పేపర్‌లో చుట్టి, పైగా నల్ల కవర్లో వేసి ఇచ్చేవాణ్ని. ఒకసారి ఒకావిడ "ఎవరికమ్మా?" అన్న నా మాట విని, కొనకుండానే వెళ్లిపోయింది. ఏ చట్టం అడగమందని అడిగాను?

మంగళవారం వచ్చిన అమ్మాయికి ఆధార్ కార్డులు వెనక్కి ఇచ్చేసి, అక్కడే మంచినీళ్లిచ్చి మాత్ర వేసుకోమన్నాను. వేసుకుంది. బండి మీదున్న అతను అప్పుడు హెల్మెట్ తీశాడు. ఆ సాయంత్రమే డ్రాయర్లో మిగిలిన డబ్బాలు కూడా పైకి తీసి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల పక్కన, కౌంటర్ ముందు అరలో పెట్టాను.