నష్టానికి కొలబద్ద టర్నోవరా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు పడిన గండ్లు విజయవాడను ఎలా ముంచెత్తాయో పాఠకులకు మళ్లీ చెప్పనక్కరలేదు. నీరు తీశాక వ్యాపారులకు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన సాయాన్ని మాత్రం మరోసారి పరిశీలించక తప్పదు, ఎందుకంటే రేపు రాష్ట్రంలో ఏ నగరం మునిగినా అధికారులు మొదట తిరగేసేది ఆ పాత ఉత్తర్వునే. కిరాణా దుకాణానికి రూ.25 వేలు అన్నారు. నమోదైన సంస్థల్లో ఏడాది టర్నోవరు, అంటే మొత్తం అమ్మకాల విలువ, రూ.40 లక్షల లోపు ఉంటే రూ.50 వేలు, రూ.40 లక్షల నుంచి రూ.1.5 కోట్ల దాకా ఉంటే రూ.లక్ష, ఆపైన ఉంటే రూ.లక్షన్నర అన్నారు. ఈ గీతలు కొత్తవి కావు. సరకుల వ్యాపారి జీఎస్టీలో నమోదు కావలసిన పరిమితి రూ.40 లక్షలు, చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకానికి పరిమితి రూ.1.5 కోట్లు. పన్ను వసూలుకు వాడుకలో ఉన్న గీతలే వరద సాయానికీ కొలబద్దలయ్యాయి.

నాడు మునిగిన సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఒక గదిలో నడిచే కొట్టును తలచుకుంటే ఈ కొలత ఎంత తప్పో తెలుస్తుంది. బియ్యం బస్తాలు నాని ఉబ్బిపోతాయి, పప్పులు కుళ్లి కంపు కొడతాయి, ఫ్రిజ్ కంప్రెసరులోకి బురద చేరుతుంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ అరువు పద్దుల పుస్తకానిది. వీధివారు నెలాఖరుకు ఇవ్వవలసిన బాకీలన్నీ అందులోనే ఉంటాయి. అక్షరాలు చెరిగిపోతే ఆ బాకీ అడిగే ఆధారమే ఉండదు. అటువంటి దుకాణదారు సర్వం కోల్పోయినా అందేది రూ.25 వేలే. సరకును పై అంతస్తులో భద్రపరుచుకోగలిగిన పెద్ద సంస్థ కొద్దిపాటి నష్టంతో బయటపడినా అంతకు ఆరు రెట్లకు అర్హత పొందగలదు. గంపలో కూరలు పెట్టుకుని రోడ్డు పక్కన అమ్ముకునే మనిషికి టర్నోవరు కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

సాయం త్వరగా అందాలంటే కాగితాలే ఆధారమనీ, అవి లేకుండా ఇస్తే బోగస్ పేర్లు చేరతాయనీ అధికారులు అంటారు. ఆ భయం నిరాధారం కాదు. కానీ బోగస్‌ను అడ్డుకునే బాధ్యత ప్రభుత్వానిది. దాని బరువును కాగితం లేని చిన్న వ్యాపారి మీద మోపడం న్యాయం కాదు. పైగా వ్యాపారం నడపడానికి నగరపాలక సంస్థ ఇచ్చే డీ అండ్ ఓ ట్రేడ్ లైసెన్సు రుసుము వసూలు చేసేటప్పుడు నగరపాలక సంస్థ సిబ్బందికి సందు సందులోని కొట్టు జాడ తెలుస్తుంది. రుసుముకు కనిపించిన దుకాణం సాయానికి ఎందుకు కనిపించకూడదు?

అసలు లోపం ఇంకా వెనక ఉంది. 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన రాష్ట్ర విపత్తు నిధి నిబంధనల్లో చేనేత, హస్తకళాకారుల పనిముట్లకు రూ.5 వేలు, ముడిసరకుకు రూ.5 వేలు రాశారు. కొట్టులో తడిసిన సరకుకు మాత్రం పద్దు పెట్టలేదు. అందుకే ప్రతిసారీ వరద వచ్చాక హడావుడిగా అంకెలు తేలతాయి. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాదులో కుటుంబానికి రూ.10 వేల చొప్పున పంచినప్పుడు జనం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. నగర ఎన్నికల కోడ్ వచ్చి నవంబరు 18న పంపిణీ ఆగింది. ముందే రాసిపెట్టిన నిబంధన ఉంటే ఆ సాయం ఎన్నికల తేదీకి చిక్కుకునేది కాదు.

విజయవాడ నగరపాలక సంస్థ తనదైన వ్యాపార పునరుద్ధరణ గ్రాంటును ఇప్పుడే, ఎండకాలంలోనే రాసుకోవాలి. కొలత పోయిన సరకుదీ, పాడైన యంత్రానిదీ కావాలి. బురద ఆరకముందే వార్డు సచివాలయ సిబ్బంది కొట్టుకొట్టుకూ వెళ్లి ఫొటోలు తీయాలి. టర్నోవరు పత్రం లేనిచోట వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారి ఇచ్చిన చీటీని, ఇరుగుపొరుగు దుకాణాల సాక్ష్యాన్ని స్వీకరించాలి. డబ్బు గది యజమానికి కాక, అద్దె కట్టి వ్యాపారం చేస్తున్నవారికే చేరాలి. అద్దె పత్రం లేని కొట్లే ఎక్కువ కనుక ఈ మాట నిబంధనలో విడిగా రాయాలి. శుభ్రం చేసుకోవడానికి కొంత మొత్తం వెంటనే ఇచ్చి, మిగిలినది కొట్టు మళ్లీ తెరిచినప్పుడు ఇస్తే దుర్వినియోగమూ తగ్గుతుంది.

ఇవేవీ చేయకుండా వచ్చే వరదకు 2024 పట్టికనే బయటికి తీస్తే అది తెలిసి చేసిన తప్పవుతుంది. అప్పటికి హడావుడిలో జరిగిందని చెప్పుకోవడానికి వీలుంది. రెండోసారి ఆ మాట చెల్లదు. టర్నోవరు గీతను ఒరవడిగా మార్చే హక్కు ఏ అధికారికీ లేదు. నగర పాలకులు ఆ పట్టికను ఇప్పుడే పక్కన పెట్టి, కొత్త నిబంధనల ముసాయిదాను తొలకరికి ముందే ప్రతి వార్డు సచివాలయం గోడమీద అంటించాలి.