సవరణ: ఎన్‌ఐటీ సీట్లలో ‘సొంత రాష్ట్రం’ ఏది?

పదో తరగతి తర్వాత చదువుల గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో, ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, జైపూర్ వైపు తెలుగు పిల్లలు ఇంటర్ ఎక్కడ చదివినా ఒడిశా కోటా ఉంటుందని, తల్లిదండ్రుల రేషన్ కార్డు, నివాస పత్రం చాలని ఉంది. ఎన్‌ఐటీల (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల) విషయంలో అది సరికాదు.

ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి. ఆ రాష్ట్రాన్ని తేల్చేది పుట్టిన ఊరో, ఇంటి చిరునామానో కాదు, పన్నెండో తరగతి (ఇంటర్) పాసైన రాష్ట్రం. ఒడిశాలోని గుణుపూర్ అమ్మాయి విశాఖలో ఇంటర్ పాసైతే ఆమెకు ఆంధ్రా కోటా వర్తిస్తుంది, అంటే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో. ఒడిశాలోని రూర్కెలా ఎన్‌ఐటీలో మిగతా రాష్ట్రాల వాళ్లతో పోటీ పడాలి. మార్కులు పెంచుకోవడానికి తర్వాత ఒడిశాలో మళ్లీ రాసినా లాభం లేదు, మొదట పాసైన రాష్ట్రమే లెక్క.

రూర్కెలా 1961లో మొదలైన కాలేజీ, తాడేపల్లిగూడెం 2015లో. కోచింగ్ బాగుంటుందని పిల్లల్ని విశాఖ పంపడం తప్పని అనను. కానీ రూర్కెలాలో ఒడిశా కోటా వదులుకుంటున్నారని పదో తరగతిలోనే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. జేఈఈ (ఎన్‌ఐటీ, ఐఐటీల ప్రవేశ పరీక్ష) ఫారం నింపేటప్పుడు తెలిస్తే మిగిలేది టెన్షనే.

ఐఐటీలకు ఈ రాష్ట్ర కోటా లేదు కాబట్టి వాటికే ప్రయత్నించేవాళ్లకు తేడా రాదు. ఓజేఈఈ (ఒడిశా రాష్ట్ర ప్రవేశ పరీక్ష), ఏపీ ఈఏపీసెట్ స్థానికత నియమాలు మాత్రం పూర్తిగా వేరు. వాటికి ఆ ఏడాది బ్రోషర్ చూడాలి, ఎన్‌ఐటీ నియమాన్ని అక్కడ పెట్టి చూడకండి. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి.