ఎబోలా టీకా గురించి తిరుగుతున్న ఆ సందేశానికి జవాబు

పలాస నుంచి పాలకొండ దాకా నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకే సందేశం తిరుగుతోంది. పంపినవారిలో మా మేనమామగారు ఉన్నారు, బ్యాంకు మిత్రులు ఉన్నారు, పిల్లలకు సైన్సు చెప్పే మాస్టారు కూడా ఒకరున్నారు. ఎబోలా వంటి రక్తస్రావ జ్వరాలను టీకాలు అమ్ముకోవడానికే కంపెనీలు పుట్టించాయని, ఎబోలా టీకాను పరీక్షించకుండా హడావిడిగా తెచ్చారని, అందులో ఎబోలా వైరసే ఉందని, దాన్ని పేదల మీద ప్రయోగించారని, ఇప్పుడు మన జిల్లా బడుల్లోనూ వేయబోతున్నారు కనుక పిల్లలకు ఏ సూదీ వేయించవద్దని దాని సారాంశం.

ముందు అమ్మకం సంగతి చూద్దాం. ఎబోలా మొదట బయటపడింది 1976లో, అప్పటి జైరే (నేటి కాంగో)లోని యంబుకులోను, సూడాన్‌లోను. దాని తొలి టీకాకు ఐరోపా, అమెరికా అనుమతులు వచ్చింది 2019 చివర్లో. సరుకు అమ్ముకోవడానికి జబ్బును పుట్టించి, ఆపైన నలభై మూడేళ్లు కొట్టు తెరవకుండా కూర్చున్న ఆ వ్యాపారి ఎవరో నాకూ చూడాలని ఉంది. నిజానికి జరిగింది దీనికి తలకిందులు. కెనడాలో విన్నిపెగ్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో తయారైన టీకా కోతులను ఎబోలా నుంచి కాపాడుతుందని 2005లోనే ప్రచురించారు. మారుమూల పల్లెల్లో ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే జబ్బు, వచ్చినవారి చేతిలో డబ్బుండదు. కాబట్టి దాని మీద కోట్లు పెట్టడానికి పెద్ద కంపెనీలేవీ ముందుకు రాక, ఆ టీకా ఏళ్ల తరబడి మూలన పడి ఉంది. 2014లో పశ్చిమాఫ్రికా తగలబడుతున్నప్పుడు కెనడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇవ్వజూపింది వెయ్యికి మించని డోసులు. ఆ విజృంభణలో 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. కంపెనీలను తిట్టదలచుకుంటే ఈ ఆలస్యానికి తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.

హడావిడి అన్న ఆరోపణ దీనితోనే సగం కూలిపోయింది. మిగిలిన సగానికి 2015లో గినీలో జరిగిన పరీక్షే జవాబు. ఒక రోగి బయటపడగానే అతన్ని కలిసినవారిని, వారిని కలిసినవారిని ఒక వలయంగా గుర్తించి, కొన్ని వలయాలకు వెంటనే, మరికొన్నింటికి 21 రోజుల తరువాత టీకా వేశారు. వెంటనే వేయించుకున్నవారిలో పది రోజులు దాటాక ఒక్కరికీ ఎబోలా రాలేదు. ఆ సంగతి తేలగానే ఆలస్యపు వలయాలను ఎత్తివేసి, అందరికీ వెంటనే వేయడం మొదలుపెట్టారు. ఈ జ్వరాలతో చిక్కేమిటంటే, జబ్బు ప్రబలి ఉన్నప్పుడు తప్ప టీకాను మనుషుల్లో నిగ్గు తేల్చలేరు. 2022లో ఉగాండాలో ఈ టీకాకు లొంగని సూడాన్ రకం ఎబోలా వచ్చినప్పుడు ప్రయోగ టీకాలు చేరేసరికి జబ్బే సద్దుమణిగింది.

అందులో ఎబోలా వైరసే ఉందట. లేదు. పశువుల నోట పుళ్లు పుట్టించే వేరొక వైరస్‌ను తీసుకొని, దాని పైతొడుగు జన్యువు తీసివేసి, ఆ స్థానంలో ఎబోలా పైతొడుగు జన్యువు ఒక్కటే పెట్టారు. సిరిమాను సంబరంలో పులివేషం కట్టినవాడు ఎవరినీ తినడు. పులి ఎలా ఉంటుందో మాత్రం చూపిస్తాడు. జ్వరం, కీళ్ల నొప్పులు రావచ్చు, ఆ సంగతి ఎవరూ దాచలేదు.

ఈ టీకాను మైనస్ అరవై డిగ్రీల చలిలో దాస్తారు కనుక అది విషమే అయి ఉంటుందన్న మాటకు జవాబు అనవసరం. ఇలాంటి జ్వరాలకు టీకా ఎక్కడా పనిచేయలేదన్నది కూడా అంతే: ఎల్లో ఫీవర్ టీకా 1937 నుంచీ ఉంది, ఆఫ్రికా పనులకు వెళ్లే మన ఉద్దానం కుర్రాళ్లు అది వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు పట్టుకొనే విమానం ఎక్కుతున్నారు. కర్ణాటకలో ఇదే కోవకు చెందిన కోతుల జ్వరం (క్యాసనూరు అడవి జ్వరం) టీకా వాడకం 2022లో ఆగిన మాట నిజమే గాని, ఆగింది అది సరిగా కాపాడడం లేదని. దాని బదులు కొత్తది తయారుచేసే పనిలో ఉన్నవారిలో హైదరాబాదు సంస్థ ఒకటి ఉంది.

పేదల మీద ప్రయోగం అన్న మాటను మాత్రం నేను కొట్టిపారేయలేను. 2009లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే, ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను వేలమంది బాలికలకు వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వల్ల పిల్లలు చనిపోయారని విచారణలో తేలలేదు. అయినా అడగకుండా చేసిన పని అడగకుండా చేసిన పనే. సీతంపేట కొండల మీది తల్లి ఒకామె “ఈ సూది ఏమిటి, ఎందుకు?” అని నిలదీస్తే అది అజ్ఞానం కాదు, ఆమె హక్కు.

అయితే అడగడం వేరు, ఏ సూదీ వద్దనడం వేరు, ఈ సందేశంలో నాకు అన్నిటికంటే ఒళ్లు మండించినది ఆ ముక్కే. ఎబోలా టీకా శ్రీకాకుళం బడుల్లో ఎవరూ వేయబోవడం లేదు. అంతర్జాతీయ నిల్వ నుంచి అది జబ్బు పుట్టిన చోటికి వెళుతుంది, నరసన్నపేటకు రాదు. మన పిల్లలకు పదేళ్లకు, పదహారేళ్లకు వేసేది ధనుర్వాతానికి, కంఠసర్పికి టీకా. కంఠసర్పి వస్తే గొంతులో బూడిదరంగు పొర కమ్ముకొని ఊపిరాడదు. ఆఫ్రికాలోని జబ్బు పేరు చెప్పి మన వీధిలోని జబ్బుకు తలుపు తీస్తున్న ఈ మహానుభావులు, అప్పుడు పిల్లను ఎత్తుకొని రిమ్స్ ఆసుపత్రికి పరుగెత్తడానికి వస్తారా? అనుమానం ఉంటే దాన్ని తీర్చుకునే చోటు ఫోను కాదు, బుధవారమో శనివారమో పెట్టె భుజాన వేసుకొని వచ్చే ఏఎన్ఎం. ఆమె సీసా మీద ఒక గుండ్రటి గుర్తు, దాని నడుమ చిన్న చదరం ఉంటాయి. చుట్టూ ఉన్న వలయం కంటే చదరం లేతగా ఉంటే టీకా బాగున్నట్టు. వేడి తగిలి వలయమంత ముదిరితే ఆ సీసాను పక్కన పెట్టేయాలి. చూపించమని అడగండి, చూపిస్తుంది.