ఫార్మాట్ కొట్టే ముందు కారణం చెప్పండి బాబూ

వైజాగ్‌లో లాప్‌టాప్‌కి ఏమొచ్చినా జబ్బు పేరు ఒక్కటే, వైరస్. ఫ్యాను గోల పెట్టినా వైరసే, స్క్రీన్ నీలంగా మారినా వైరసే, బ్యాటరీ అరగంటకే అయిపోయినా వైరసే. మందు కూడా ఒక్కటే, ఫార్మాట్, అంటే ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం. డాబాగార్డెన్స్‌లో అడగండి, గాజువాకలో అడగండి, ఎంవీపీ కాలనీ సందులో బోర్డు పెట్టుకున్న కుర్రాణ్ణి అడగండి. మూత తెరవకముందే తీర్పు వచ్చేస్తుంది: "వైరస్ ఎక్కిపోయింది సార్, ఫార్మాట్ కొట్టేస్తే సూపర్‌గా పరిగెడతాది."

ఈ మాట విని విని విసుగొచ్చేసింది. ఇవాళ కాస్త పెద్ద పోస్టే పెడుతున్నాను. ఓపిక ఉన్నవాళ్లు చదవండి, లేనివాళ్లు సేవ్ చేసుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

మా పిన్ని కూతురు ఇక్కడే ఇంజనీరింగ్ ఫైనలియర్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం ఏదో ఏఐ మోడల్‌కి కంప్యూటర్‌లో ట్రెయినింగ్ ఇస్తోంది. రన్ బటన్ నొక్కిన కాసేపటికే లాప్‌టాప్ టప్పున ఆరిపోయేది. షాపులో ఇచ్చారు, ఫార్మాట్ కొట్టారు, డబ్బులు తీసుకున్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. మళ్లీ పట్టుకెళ్తే మళ్లీ ఫార్మాటే. అయినా తగ్గకపోయేసరికి "వైరస్ మదర్‌బోర్డులోకి వెళ్లిపోయిందమ్మా, బోర్డు మార్చాలి" అన్నారట. బోర్డు రేటు విన్నాక మా పిన్నికి అనుమానమొచ్చి నాకు ఫోన్ చేసింది. వెనకనుంచి దాని గొంతు: "ఏటన్నయ్యా ఇది, సేవ్ చేసేలోపే పోతోంది!"

మదర్‌బోర్డు చిప్‌లో దాక్కునే మాల్వేర్ (వైరస్ లాంటి హానికర సాఫ్ట్‌వేర్) లేకపోలేదు. 2018లో ఈసెట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు లోజాక్స్ అనేదాన్ని బయటపెట్టారు. అది తూర్పు యూరప్ ప్రభుత్వాల మీద గూఢచర్యానికి వాడిన సరుకు. పెదవాల్తేరులో బీటెక్ పిల్ల ప్రాజెక్టు మీద అంత ఖర్చు పెట్టే గూఢచారి ఎవడుంటాడు చెప్పండి?

అసలు ఆరిపోవడంలోనే రెండు రకాలున్నాయి, షాపులో ఎవరూ అడగని ప్రశ్న ఇదే. స్క్రీన్ నీలంగా మారి (కొత్త విండోస్ 11లో ఇప్పుడు నల్లగా వస్తోంది) ఏదో కోడ్ చూపించి రీస్టార్ట్ అయితే, విండోస్ తనంతట తానే బండి ఆపేసిందని అర్థం. ఆ కోడ్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకుంటే సగం పని అయిపోయినట్టే. మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే ముందు ర్యామ్‌ని అనుమానించాలి, వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే దాదాపు హార్డ్‌వేరే. కింద ఏదైనా డాట్ సిస్ ఫైలు పేరు కనబడితే ఆ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్) ఎవరిదో చూడాలి. ఏ కోడూ లేకుండా కరెంటు తీసేసినట్టు ఆరిపోయిందా, అప్పుడు విండోస్‌కి చెప్పుకునే టైమే దొరకలేదు. వేడి, బ్యాటరీ, ఛార్జర్, బోర్డు, వీటివైపు చూడాలి.

మా చెల్లి లాప్‌టాప్‌లో స్టార్ట్ నొక్కి రిలయబిలిటీ అని టైప్ చేశాను. రిలయబిలిటీ హిస్టరీ అని ఒకటి తెరుచుకుంటుంది, ఏ రోజు ఏం పాడైందో క్యాలెండర్ లెక్కన చూపిస్తుంది. విండోస్‌తో పాటే ఉచితంగా వస్తుంది, ఏళ్ల తరబడి ఉంది, అయినా దాన్ని తెరిచిన మెకానిక్‌ని నేను ఇంతవరకు చూడలేదు. వరసగా ఎర్ర గుర్తులు. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే కెర్నెల్ పవర్ 41, లోపల బగ్‌చెక్ కోడ్ సున్నా. అంటే బ్లూ స్క్రీన్ రాలేదు, మెషీన్ ఉన్నపళంగా ఆరిపోయింది. అదీ చివరి ఫార్మాట్ తర్వాత రాసుకున్న చరిత్ర మాత్రమే. అంతకుముందుది మొత్తం ఫార్మాట్‌తో తుడిచిపెట్టుకుపోయింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కారణం వెతకాల్సిన మనిషే ఆధారాలు చెరిపేసి, చెరిపినందుకు బిల్లు వేస్తాడు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత టూల్ పెట్టి చూస్తే, ఏ పనీ చేయనప్పుడే ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటి ఉంది. మోడల్ రన్ చేయగానే 100 తాకింది, కాసేపటికి ఆరిపోయింది. చాలా ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లకి 100 దగ్గరే గీత ఉంటుంది. అక్కడికి చేరగానే ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా మొత్తం ఆపేసుకుంటాయి. అంటే లాప్‌టాప్ చేయాల్సిన పని సరిగ్గానే చేస్తోంది.

వెనక మూత విప్పాం. ఫ్యాను గాలి బయటికి వెళ్లే చోట సన్నటి రాగి రేకులుంటాయి కదా, వాటికీ ఫ్యానుకీ మధ్య దుమ్ము, వెంట్రుకలు, దూది కలిసి గట్టి పొర కట్టేసింది. ట్వీజర్‌తో లాగితే ముక్కగా ఊడొచ్చింది, చేత్తో పట్టుకుంటే జిగురుగా, తేమగా ఉంది. బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లకి కిటికీ గ్రిల్స్, స్కూటర్ సైలెన్సర్ ఎంత త్వరగా తుప్పు పడతాయో నేను చెప్పక్కర్లేదు. ఆ గాలినే లాప్‌టాప్ ఫ్యాను రోజంతా లోపలికి లాగుతుంది. ఉప్పు తేమని పట్టుకుంటుంది, తేమ దుమ్ముని పట్టుకుంటుంది. పైగా మా చెల్లి పరుపు మీద పెట్టుకుని వాడుతుంది, కింద గాలి వెళ్లే రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. ప్రాసెసర్ మీద వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసెక్కిపోయింది. దులిపి, పేస్ట్ మార్చి, బల్ల మీద పెట్టి వాడమన్నాం. ఆ ఆరిపోవడం మళ్లీ లేదు. వైజాగ్ ఉక్కపోతలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు ఏడాదికోసారైనా ఈ సర్వీసింగ్ చేయించుకోవాలని నా ఉద్దేశం.

"అయితే వైరస్ లేదన్నమాట" అంది పిన్ని. ఉంది. అది షాపు నుంచి వచ్చింది.

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. యాంటీవైరస్ ఏయే ఫోల్డర్లని చూడకూడదో చెప్పే జాబితా అది. దాని లాప్‌టాప్‌లో ఆ జాబితాలో ఉన్నది ఒకే ఒక్క ఎంట్రీ, సి డ్రైవ్ మొత్తం. అంటే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్‌లోనే ఉంది, పచ్చ టిక్కు కనబడుతోంది, కానీ విండోస్ ఉన్న డ్రైవ్‌నే అది చూడదు. టాస్క్ షెడ్యూలర్‌లో లాప్‌టాప్ ఆన్ అయిన ప్రతిసారీ నడిచేలా ఒక యాక్టివేటర్ ఫైలు (లైసెన్సు కొనకుండానే కొన్నట్టు చూపించే దొంగ ప్రోగ్రామ్) పెట్టి ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే ఆ క్రాక్ యాక్టివేటర్లు ముందు యాంటీవైరస్ ఆపమంటాయి, లేదంటే అవే ఇలా ఎక్స్‌క్లూజన్ పెట్టేసుకుంటాయి. వాటితో పాటు ఇంకేం దిగుతుందో షాపులో కుర్రాడికీ తెలీదు.

కొసమెరుపు ఏంటంటే, ఆ లాప్‌టాప్ కొన్నప్పుడే ఒరిజినల్ విండోస్ హోమ్‌తో వచ్చింది. విండోస్ 8 కాలం నుంచీ పెద్ద కంపెనీల లాప్‌టాప్‌లలో ఆ లైసెన్సు కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఎవర్నీ ఏమీ అడగకుండా యాక్టివేట్ అయిపోతుంది. వీళ్లేమో "ప్రో వేశాం మేడమ్" అని క్రాక్ ప్రో ఎక్కించారు. డబ్బులు పెట్టి కొన్న లైసెన్సు పక్కన పడేసి, దొంగ సరుకు పెట్టి, దానికి మళ్లీ డబ్బులు. పిన్నికి ఇది అర్థమయ్యేలా చెప్పేసరికి నాకు తలనొప్పి వచ్చింది, ఆవిడకి బీపీ వచ్చింది.

ఇంకో సంగతి. ఈ కాలం మాల్వేర్‌కి మీ లాప్‌టాప్ క్రాష్ అవడం అస్సలు ఇష్టం ఉండదు. ఇంట్లో దూరిన దొంగ గిన్నెలు దొర్లించుకుంటూ తిరుగుతాడా? దానికి కావాల్సింది బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, సెషన్ కుకీలు, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకి చెప్పే గుర్తులు. ఆ కుకీ చేతికి చిక్కితే ఓటీపీ కూడా అడగకుండానే మీ మెయిల్ తెరుచుకోవచ్చు. తీసుకున్నంతా తీసుకుని చప్పుడు చేయకుండా పోతుంది. మీ లాప్‌టాప్‌తో దొంగచాటుగా క్రిప్టో నాణేలు తవ్వుకునే కాయిన్ మైనర్లయితే ఫ్యాన్లు తిప్పి లాప్‌టాప్ వేడెక్కిస్తాయి, నిజమే. వాటిలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే నక్కి కూర్చుంటాయి. సరిగ్గా టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడే ఫ్యాను నెమ్మదిస్తోందంటే అనుమానించండి.

క్రాష్‌కీ వైరస్‌కీ ముడి పెట్టేవాళ్లు 2024 జులై 19 ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. ఆ రోజు ప్రపంచమంతా బ్లూ స్క్రీన్లే. విమానాశ్రయాల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. అది వైరస్ పని కాదు. వైరస్‌ని ఆపాల్సిన క్రౌడ్‌స్ట్రయిక్ వాళ్లు పంపిన తప్పుడు అప్‌డేట్. అందుకే రెండు మూడు యాంటీవైరస్‌లు ఒకేసారి వేసుకుని "డబుల్ సేఫ్టీ" అనేవాళ్లని చూస్తే భయమేస్తుంది. అవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటే చచ్చేది మీ లాప్‌టాపే. 2017 మేలో వచ్చిన వన్నాక్రైది దీనికి పూర్తిగా రివర్స్ కథ. అది నిజమైన మాల్వేర్, మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లని కూడా వదల్లేదు. దానికి విరుగుడు అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చేసింది, వేసుకోనివాళ్లు చాలామంది దొరికిపోయారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయినా, పాత లాప్‌టాప్ తెస్తే ఆ సంగతి చెప్పకుండా ఇంకా అదే ఎక్కిస్తున్నవాళ్లకి ఈ పాఠం ఎవరు చెప్పాలి?

షాపువాళ్లనే తిడుతున్నానని అనుకోకండి. వాళ్లకి దక్కేది కొన్ని వందలు. కారణం వెతకాలంటే ర్యామ్ టెస్టుకే రాత్రంతా పడుతుంది. మనం కౌంటర్ దగ్గర నిలబడి "గంటలో అయిపోవాలి బాబూ" అంటాం. ఫోటోషాప్ వేయమనేది మనమే, ఆఫీస్ ఫ్రీగా వేయమనేది మనమే, వేయనన్నవాణ్ణి వదిలేసి పక్క షాపుకి పోయేదీ మనమే. నిజాయితీగా డయాగ్నసిస్ ఫీజు అడిగిన కుర్రాణ్ణి నా కళ్ల ముందే ఒక పెద్దాయన "చూడ్డానికి కూడా డబ్బులా?" అని దులిపేశాడు. డాక్టరుకి ఫీజు ఇస్తాం, ఇక్కడ మాత్రం చేతులు రావు.

మరి నిజంగా అనుమానం ఉంటే ఏం చేయాలి? నేనైతే ముందు నెట్ కట్ చేస్తాను. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒక ఆప్షన్ ఉంది, అది రీస్టార్ట్ చేసి విండోస్ లేవకముందే వెతుకుతుంది, పావుగంట పని. ఎక్స్‌క్లూజన్స్ చూస్తాను. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోరన్స్ అనే టూల్‌లో, మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచేసి, తమంతట తాము మొదలయ్యే మిగిలిన ప్రోగ్రాముల్లో తయారీదారు డిజిటల్ సంతకం లేనివి ఏవో చూస్తాను. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటీ చూస్తాను. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచీ ఉచితంగా క్లీనింగ్ టూల్స్ ఇస్తోంది, అదీ వాడుకోవచ్చు.

పాస్‌వర్డులు కొట్టేసే రకం దొరికితే మాత్రం నేను కూడా ఫార్మాటే అంటాను. పాస్‌వర్డులు మాత్రం ఇంకో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చాలి, అన్ని డివైజుల నుంచీ లాగౌట్ కొట్టాలి, డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫార్మాట్ కొడితే లాప్‌టాప్ శుభ్రపడుతుంది, పోయిన పాస్‌వర్డు వెనక్కి రాదు. విండోస్ ఫైలు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి. మా చెల్లి లాప్‌టాప్‌కి చివరికి మేం చేసింది అదే. హోమ్ వేశాం, నెట్‌కి కలపగానే దానంతటదే యాక్టివేట్ అయింది.

ఒక్క జాగ్రత్త: కొత్త లాప్‌టాప్‌లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి వేసే తాళం) చాలాసార్లు మనకి తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. షాపులో బయోస్ (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగులు) కెలికితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో ఇవాళే చూసుకోండి. పెళ్లి ఫోటోలు పోయాక చూసుకుని లాభం లేదు.

ఇక నా డిమాండ్ ఒక్కటే. బిల్లు మీద "ఓఎస్ ఇన్‌స్టలేషన్" అని రాసి ఊరుకోకుండా, ఎందుకు వేయాల్సొచ్చిందో ఒక్క లైను రాయండి. ఏ కోడ్ వచ్చింది, ఏ టెస్ట్ చేశారు, ఏం దొరికింది. దానికి విడిగా ఫీజు అడగండి, నేనిస్తాను.

గాజువాక నుంచి మధురవాడ దాకా అలా రాసిచ్చే షాపు ఎక్కడైనా ఉంటే కింద చెప్పండి. మా పెదనాన్న లాప్‌టాప్ ఇంకా పెండింగ్‌లో ఉంది. టీ ఒలికి కీబోర్డులో కొన్ని అక్షరాలు పడట్లేదు. దానికీ వైరసే అన్నారట.