ఆట జోలికి పోకుండా గోల్ఫ్‌లో పైకి రావడం

ఔత్సాహిక గోల్ఫర్ల ఆట బాగుపడకపోవడానికి సాధన లేకపోవడమే కారణమని కోచ్‌లు చాలాకాలంగా ప్రచారం చేస్తున్నారు. సాధన చేయాలంటే చీకటితో లేవాలి, ఒళ్లు వంచాలి, అన్నిటినీ మించి తనకు ఆట రాదని లోలోపలైనా ఒప్పుకోవాలి. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి లోకం నవ్వింది గానీ, అతడు మర్నాడే వాయిదాల మీద కొత్త మద్దెల తెచ్చుకుని ఉంటే ఆ నోళ్లన్నీ మూతపడేవి.

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకు, అంటే బంతిని కొట్టే కర్రలకు, మించి ఉండకూడదు. వాటిలో ఏటేటా మార్చవలసింది బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్‌ను మాత్రమే, ఎందుకంటే పక్కవాడి కంట ముందుగా పడేది అదే. కుడిచేతివాటం ఆటగాడి బంతి కుడివైపుకు వంగిపోయే స్లైస్ జబ్బుకు, క్లబ్బు కదిలే దారికన్నా దాని ముఖం కుడికి తెరుచుకుని ఉండటం కారణమనీ, ముందుగా పట్టు సరిచూసుకోవాలనీ కోచ్ చెబుతాడు. పట్టు మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. పైసా ఖర్చు లేని వైద్యం మీద మనకు ఏనాడు గురి కుదిరింది గనుక?

పార్ 72 కోర్సులో, అంటే పద్దెనిమిది హోల్‌లనూ 72 స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ముగించాలని లెక్కకట్టిన మైదానంలో, హోల్ చుట్టూ నున్నటి గడ్డి ఉండే ఒక్కో గ్రీన్ మీద రెండేసి చొప్పున 36 స్ట్రోకులు పటింగ్‌కే, అంటే బంతిని హోల్‌లోకి దొర్లించడానికే, లెక్కవేసి ఉంచారు. అంటే ఆటలో సగమన్నమాట. ఈ సంగతి తెలిసినవారు కూడా సాధన మైదానమైన డ్రైవింగ్ రేంజ్‌లో బంతుల బకెట్టును డ్రైవర్‌తోనే ఖాళీ చేయడం ఆచారం. ఇక గ్రీన్ మీదికి చేరాక, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పొలం హద్దులు చూసే సర్వేయరు మాదిరిగా వాలును నలువైపుల నుంచీ పరిశీలించి, లేచి, కొట్టిన బంతిని 108 మిల్లీమీటర్ల హోల్‌కు ఆరడుగుల ఇవతలే ఆపాలి. మూడేసి పట్‌లు పడేది ఎక్కువగా దూరం అంచనా తప్పడం వల్లనే గానీ దిశ తప్పడం వల్ల కాదని గుర్తుచేసేవారిని జట్టులో చేర్చుకోకపోవడం మంచిది.

బ్యాగు మోసే క్యాడీ సలహాను కూడా ఇలాగే హద్దులో ఉంచాలి. గోల్కొండ కోట గోడల పక్కనున్న కోర్సులో క్యాడీ, "ఆరు నంబరు తీస్కోండ్రి సార్, గాలి ఎదురున్నది" అంటాడు. నంబరు పెరిగేకొద్దీ ఐరన్ క్లబ్బు కొట్టే దూరం తగ్గుతుంది, అయినా సార్ మాత్రం ఎనిమిదో నంబరు ఐరనే అడుగుతారు. ఎప్పుడో మండువేసవిలో, గట్టిపడ్డ నేల మీద, గాలి వెనక నుంచి తోస్తుండగా ఆ క్లబ్బుతో కొట్టిన బంతి దొర్లుకుంటూ 150 గజాలు పోయింది గనుక, ఆనాటి నుంచి అది 150 గజాల క్లబ్బుగా స్థిరపడింది. బంతి వెళ్లి గ్రీన్ ముందరి బంకర్లో, అంటే ఇసుక గుంటలో, కూలబడుతుంది. "షాట్ మంచిదే సార్, గాలే మోసం జేసింది" అంటాడు క్యాడీ. టిప్పు ఈ రెండో మాటకే గానీ మొదటి మాటకు కాదని అతనికి బాగా తెలుసు.

బంకర్లో బంతిని నేరుగా కొట్టకూడదు, దాని వెనకనున్న ఇసుకను కొట్టాలి, ఆ ఇసుకే బంతిని పైకి లేపుతుంది. అయితే ప్రాక్టీస్ స్వింగ్‌లో ఇసుకను తాకితే రెండు స్ట్రోకుల జరిమానా ఉన్నదని చదువుకున్నవారు, ఆ భయంతో అసలు దెబ్బలో కూడా ఇసుకను తాకకుండా బంతిని గ్రీన్ అవతలి పొదల్లోకి పంపిస్తుంటారు. అక్కడ మరో చిక్కు ఉంది. బంతిని వెదకడానికి ఇచ్చే వ్యవధిని 2019లో ఐదు నిమిషాల నుంచి మూడుకు తగ్గించారు. దొరకకపోతే ఒక స్ట్రోకు జరిమానాతో, కొట్టిన చోటికే తిరిగి రావాలి. అందుకే అనుభవజ్ఞుల బంతులు రెండు నిమిషాల యాభై సెకన్లకు, వారి ప్యాంటు జేబుకు సరిగ్గా కింద, చదునైన గడ్డి మీద దొరుకుతుంటాయి.

ఇక హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే స్ట్రోకుల లెక్క; ఆట ఎంత బాగుంటే అది అంత తక్కువ. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం తాజా 20 స్కోర్లలో మెరుగైన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది, అంటే తక్కిన పన్నెండు రౌండ్ల పరువునూ చూసీచూడనట్టు వదిలేస్తుంది. ప్రతిష్ఠ కోరేవారు హ్యాండిక్యాప్‌ను తగ్గించుకోవాలి, క్లబ్బు కప్పు కోరేవారు పెంచుకోవాలి. పెంచుకోవడానికి మామూలు రోజుల్లో మూడడుగుల పట్‌లను కావాలనే జారవిడిచి, టోర్నమెంటు నాడు వాటినే వేస్తే సరిపోతుంది. ఇందుకు ముందుగా ఆ పట్‌లు వేయడం వచ్చి ఉండాలి గనుక, ఈ మార్గం పట్టదలచినవారు సాయంత్రాలు జనం పలచబడ్డాక పటింగ్ గ్రీన్ మీదికి వెళ్లి, మూడడుగుల దూరం నుంచి బంతి తర్వాత బంతి వేసుకుంటూ, ఎవరైనా అటు వస్తే ఫోను వెదుక్కుంటున్నట్టు నటించాలి.