కదలని గ్రిల్లే భద్రమా? కాలనీ గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌కు జవాబు

ఎండాకాలం మొదలైతే చాలు, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ కాలనీ గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: "దొంగల కాలం వచ్చింది. ప్రతి కిటికీకి కదలకుండా గ్రిల్ వెల్డింగ్ చేయించండి. కొలాప్సిబుల్ గేటుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకోండి. స్లాబు ఇల్లు అంటుకోదు. మంట వచ్చినా దర్వాజ ఉంది, ఫైరింజన్ ఉంది. తెరుచుకునే గ్రిల్ పెట్టడమంటే దొంగకు దారి చూపడమే. పై అంతస్తు నుంచి ఎలాగూ దూకలేరు."

దొంగల భయం ఉత్తది కాదు. గ్రిల్ వద్దని మేమూ అనం. మన దగ్గర గ్రిల్ సగం దొంగలకు, సగం కోతులకు. కాకపోతే ఊరెళ్లేటప్పుడు వేసే తాళాన్నీ, ఇంట్లో పడుకున్నప్పుడు వేసే తాళాన్నీ ఈ మెసేజ్ ఒకే గాటన కట్టింది. మిగతా తప్పులన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

"స్లాబు ఇల్లు అంటుకోదు"

స్లాబు అంటుకోదు, సామాను అంటుకుంటుంది. ఫోమ్ పరుపు, సోఫా, కర్టెన్లు, ప్లైవుడ్ అల్మారాలు ఉన్న గదిలో నిప్పు పడితే ఐదు నిమిషాల్లోపే గదంతా ఒక్కసారిగా భగ్గుమనవచ్చని ప్రయోగాల్లో తేలింది. మంట కంటే ముందు పొగ చంపుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషి లేవకుండానే స్పృహ తప్పుతాడు. పూరి కప్పు కాలిపోతే పొగ పైకి పోతుంది. స్లాబు కింద పట్టిన పొగకు పోయే దారి ఉండదు, పైనుంచి కిందికి నిండుతూ వస్తుంది.

"మంట వచ్చినా దర్వాజ ఉంది"

మంట ఎక్కడ పుడుతుందో ముందు చూడండి. మన జీ ప్లస్ వన్ ఇళ్లలో కరెంటు మీటరు, ఇన్వర్టర్ బ్యాటరీ, పెట్రోలు బండ్లు, చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ అన్నీ ముందు భాగంలోనే, చాలాసార్లు మెట్ల కిందే ఉంటాయి. అంటే దర్వాజ దారే మొదట మూసుకుపోతుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట లేచింది. పొగ మెట్ల మీదుగా పైకి పాకి 8 మంది చనిపోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో 17 మంది పోయారు. అక్కడ లోపలికి ఇరుకు దారి, పైకి ఒకటే మెట్లు. రెండు చోట్లా జనం ఉన్నవి గట్టి కట్టడాలే.

"ఫైరింజన్ ఉంది"

ఉంది. మంట కనబడగానే 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాల్సిందే. కానీ పై లెక్క ఐదు నిమిషాలది. చాలా మండలాల్లో పల్లెలకూ ఫైర్‌స్టేషన్ ఉన్న ఊరికీ మధ్య అంతకు ఎన్నో రెట్ల ప్రయాణం ఉంటుంది. వచ్చాక కూడా 12 మిల్లీమీటర్ల చదరపు కడ్డీలను ఒక్కొక్కటి రెండు చోట్ల కోస్తేనే మనిషి పట్టే సందు వస్తుంది. ఇంట్లో వాళ్లే కట్టర్‌తో కోసుకుందామంటే, అప్పటికి కరెంటు ఉండదు. గునపంతో పీకడం కూడా అయ్యే పని కాదు, గ్రిల్‌ను పట్టి ఉంచేలా గోడలో కాంక్రీటుతో పాతిన ఇనుప పట్టీలు (హోల్డ్‌ఫాస్టులు) ఊడకూడదనే కదా పెట్టించింది.

"తాళంచెవి తలగడ కింద"

చీకట్లో, పొగలో, దగ్గుతూ తాళం రంధ్రం వెతకడం ఎంత కష్టమో కళ్లకు గుడ్డ కట్టుకుని ఒకసారి చూడండి. గేటుకు లోపలివైపు చేత్తో తిప్పే గడియ పెట్టించి, బయటి చెయ్యి అందకుండా దాని వెనక రేకు వెల్డ్ చేయిస్తే చాలు. కింది చానల్‌లో మట్టి పేరుకుంటే గేటు మామూలు రోజుల్లోనే ఇరుక్కుంటుంది, నెలకోసారి ఊడవండి.

"పై అంతస్తు నుంచి దూకలేరు"

దూకమని ఎవరు చెప్పారు? తెరిచిన కిటికీ దగ్గర గాలి దొరుకుతుంది, కేక వినబడుతుంది, నిచ్చెన వేస్తే దిగొచ్చు. గది తలుపు మూసి కింది సందులో తడిగుడ్డ కుక్కితే ఇంకొంత సమయం దొరుకుతుంది. పోర్టికో స్లాబు మీదికి తెరుచుకునే కిటికీ ఉంటే అంతకంటే మంచిది లేదు.

"తెరుచుకునే గ్రిల్ దొంగకు దారి"

అసలు వాదన ఇదే. సరిగా చేయకపోతే నిజం కూడా. కడ్డీ మందం మారదు, కాబట్టి బలహీనమయ్యేవి రెండే: మడత బందులు, గడియ. బందుల పిన్నులు బయట కొట్టి తీసేలా ఉంటే దొంగ పని సులువు. పిన్ను రెండు కొసలనూ వెల్డ్ చేసి మూసేయాలి. బరువుకు రెండు బందులు చాలు, అయినా ఒక పక్క నుంచి వంచకుండా మూడోది పెట్టించండి. గడియ 16 మిల్లీమీటర్ల కడ్డీ అయి, పైపులో జారుతూ ఫ్రేములోకి కనీసం అంగుళం దిగాలి. కడ్డీల మధ్య నాలుగంగుళాల సందులో చెయ్యి దూరుతుంది గనుక గడియ చుట్టూ అడుగు వెడల్పు రేకు కావాలి. కోతి చేతికీ అదే మందు. తాళం మాత్రం ఇంటిల్లిపాదీ ఊరెళ్లిన రోజున వేయండి, తిరిగొచ్చిన రోజే తీసేయండి.

కొలత దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. మంటలప్పుడు మనిషి బయటపడేలా పడకగది కిటికీకి అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్ అడిగేది ఇది: వెడల్పు 20 అంగుళాలకు తగ్గకూడదు, ఎత్తు 24కు తగ్గకూడదు, ఖాళీ మొత్తం 5.7 చదరపు అడుగులు ఉండాలి, నేల నుంచి అంచు 44 అంగుళాలు దాటకూడదు. 20 బై 24 అయితే 3.3 చదరపు అడుగులే, సరిపోదు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు పెడితే 6 వస్తుంది. నాలుగడుగుల మూడు రెక్కల చెక్క కిటికీలో మధ్య నిలువు చెక్కలు పోగా ఒక్కో సందు 14 అంగుళాలకు మించదు. గ్రిల్ తీసినా మనిషి పట్టడు, ఆ కిటికీని లెక్కలోంచి తీసేయండి. జరిపే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ సగమే తెరుచుకుంటుంది. అందులో 20 అంగుళాలు మిగులుతాయో లేదో టేపు పెట్టి చూసుకుని, తెరుచుకునే వైపుకే గ్రిల్ తలుపు పెట్టించండి.

ఉన్న గ్రిల్‌ను మార్చాలంటే ముందే కడ్డీలు కోయనివ్వకండి. కోయబోయే గీత బయట 25 బై 5 మిల్లీమీటర్ల ఇనుప పట్టీతో చుట్టూ ఫ్రేము వెల్డ్ చేశాకే లోపలి ముక్క కోయాలి. లేకపోతే మిగిలిన కడ్డీల కొసలు వదులై ఊగుతాయి. కోసిన ముక్కకు దాని సొంత ఫ్రేము కట్టి, రెండింటి మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు ఉంచాలి, రంగు మందం దాన్ని తినేస్తుంది. యూపీవీసీ వేడికి కరుగుతుంది కాబట్టి అక్కడ వెల్డింగ్ షాపులోనే పూర్తి చేసి తెచ్చి బోల్టులతో బిగించాలి. మామూలు కిటికీ దగ్గరైనా కర్టెన్లు, పరుపు పక్కకు తీయండి. నిప్పు రవ్వలతోనే మంట మొదలైతే ఇంత ఖర్చూ దండగ.

తెరిచే గ్రిల్ తలుపు పెద్దవాళ్లు పడుకునే గదిలో ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలకు గడియ అందితే కిటికీలోంచి పడతారు. ప్రతి గదికీ కుదరకపోతే ఇంటికి వెనకవైపున ఒకటైనా పెట్టించండి. హాల్లో పైకప్పుకు బ్యాటరీ పొగ అలారం బిగించండి, వంటింట్లో వద్దు, పోపు పొగకు రోజూ మోగి చివరికి మీరే బ్యాటరీ తీసేస్తారు. మూడు నెలలకోసారి గడియకు గ్రీజు రాసి, ఇంట్లో ప్రతి పెద్దమనిషితో చీకట్లో తెరిపించండి. రంగు వేసిన వారంలో ఇంకోసారి, ఎందుకంటే గడియ పట్టేసేది సాధారణంగా అప్పుడే.

ఇక కూలర్. ఎండలు ముదిరే నెలల్లో గ్రిల్ తలుపు ఉన్న ఆ ఒక్క కిటికీ ముందే కూలర్ స్టాండు గ్రిల్‌కు వెల్డ్ అయి ఉంటే పైన చెప్పిందంతా వృథా. దాన్ని వేరే కిటికీకి మార్చండి. వేరే కిటికీ లేకపోతే చక్రాల స్టాండు మీద, ఒక్క తోపుకు పక్కకు జరిగేలా పెట్టుకోండి.